రూల్స్ మనవి, మోసేది కుక్క: చుక్కి కేస్ స్టడీ

నేను షెల్టర్ కుక్కల్ని చూసే వెటర్నరీ డాక్టర్ని, ట్రీట్‌మెంట్ ఒక్కటే కాదు, కుక్క ఒక ఇంటికి వెళ్ళాక కొన్ని నెలల పాటు ఫాలో-అప్ చూసుకోవడం కూడా నా పనే. ఈ కేసు మొత్తం రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా. ఎందుకంటే కుక్కని తీసుకెళ్ళే వాళ్ళలో చాలామంది లైసెన్సు, చిప్పు, టీకా, మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) ఇవన్నీ ఆఫీసు పనులు, కుక్క ఇంటికి అలవాటు పడటం వేరే పని అనుకుని రెండింటినీ విడివిడిగా పెట్టుకుంటారు, మొదటిది అయిపోతే ఊపిరి పీల్చుకుంటారు. నేను చూసినంతలో ఆ రెండూ ఒకటే పని. ఆఫీసులో రాసిన ప్రతి రూలూ చివరికి వచ్చి కుక్క ఒంటి మీదే కూర్చుంటుంది, మెడలో బిళ్ళ దానికే, చర్మం కింద చిప్పు దానికే, మూతికి మజిల్ దానికే, లిఫ్టులో అరవకుండా నిలబడాల్సింది కూడా అదే. అందుకే రూల్స్ కాగితాన్ని ట్రైనింగ్ ప్లాన్‌లా చదవాలి, అదీ కుక్క గుమ్మం దాటకముందే. కుటుంబం సరేనన్నాకే రాస్తున్నా, వాళ్ళని గుర్తుపట్టే వివరాలు తీసేశా, కుక్క పేరు మార్చా.

వచ్చినప్పుడు ఎలా ఉంది

చుక్కి ఆడకుక్క. పళ్ళని బట్టి నాలుగేళ్ళు ఉండొచ్చు. మీడియం కంటే కాస్త పెద్ద సైజు, పొట్టి నల్ల వెంట్రుకలు, వెడల్పాటి తల, నుదుటి మీద తెల్ల మచ్చ. రోడ్డు మీద తిరుగుతుంటే ఎవరో పట్టి ఇంకో చోట అప్పజెప్పారు, అక్కడ భుజాల మధ్య ఒకసారి స్కాన్ చేసి "చిప్ లేదు" అని రాసి, రేబిస్ టీకా వేసి, కార్డు మీద "నలుపు, ఆడ, పెద్దది" అని రాసి మా దగ్గరకి పంపించారు. ఆ మూడు మాటలు ప్రపంచంలో ఎన్ని వేల కుక్కలకి సరిపోతాయో ఆలోచించండి.

చిప్పు అంటే బియ్యపు గింజంత గాజు గొట్టం, లోపల బ్యాటరీ ఉండదు, అది మనకి లొకేషన్ ఏమీ చెప్పదు, స్కానర్ దగ్గరకి వచ్చినప్పుడు మాత్రం తన నంబర్ చెప్తుంది. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ స్టాండర్డ్ చిప్ అయితే 134.2 కిలోహెర్ట్జ్ మీద చదవాలి, నంబర్ 15 అంకెలు. వేసేటప్పుడు భుజాల మధ్యే వేస్తారు గానీ కొన్నాళ్ళకి జారుతుంది, భుజం పక్కకో ఛాతీ వైపుకో మోచేతి దాకానో. అందుకే నేను స్కానర్‌ని మెడ వెనక నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా, దాదాపు వెంట్రుకలకి ఆనిస్తూ, వంకరటింకరగా రెండు వైపులా కిందకి తెస్తా. చుక్కి ఒళ్ళు బిగబట్టుకుని తల పక్కకి తిప్పుకుని నిలబడింది, పెదాలు నాక్కుంటోంది, కుక్క అలా నాక్కుంటే ఆకలేసి కాదు, ఇబ్బందిగా ఉందని. ఆపి, కాసేపు వదిలేసి, మళ్ళీ మొదలుపెట్టా. ఎడమ మోచేతి పైన బీప్ వచ్చింది. చిప్పు ఉంది, అంటే ఇంకెవరో ఒకరి పేరు మీద ఈ కుక్క రిజిస్టర్ అయి ఉంది.

రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు 70 వేలు, మామూలుగా కుక్కకి రెండు లక్షల దాకా అయినా ఉండాలి. కాలివేళ్ళ సందుల్లో పిడుదులు, చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి, మెడ కింద గ్రంథులు ఉబ్బాయి, ఎర్లిషియా (పిడుదుల వల్ల వచ్చే జబ్బు) యాంటీబాడీ టెస్ట్ పాజిటివ్. ఇక్కడో మాట, యాంటీబాడీ పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇప్పుడు జబ్బు ఉందని కాదు, తగ్గిపోయాక కూడా నెలల తరబడి పాజిటివే వస్తుంటుంది, కాకపోతే ప్లేట్‌లెట్లు పడిపోయి మిగతా లక్షణాలు కూడా కనిపిస్తుంటే ట్రీట్‌మెంట్ ఇవ్వాల్సిందే. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజుల కోర్సు మొదలుపెట్టాం.

ప్రవర్తన విషయానికొస్తే ఆడవాళ్ళతో మెత్తగా ఉంటుంది, పిల్లల గొంతు వింటే తోక కదుపుతుంది, హెల్మెట్ పెట్టుకున్న మగమనిషి కనిపిస్తే మాత్రం గోడకి కరుచుకుపోయి గుర్రుమంటుంది. ఈ లైను కేస్ షీట్‌లో మొదటి రోజే రాశాం, తర్వాత ఇదే ముఖ్యమైంది.

కుటుంబం, వాళ్ళ మీద ఉన్న రూల్స్

భార్యాభర్తలు, మూడో క్లాసు చదివే పాప, ఆయన తల్లి. అద్దె ఫ్లాట్, పై అంతస్తు, లిఫ్టు చిన్నది. భార్య మా దగ్గరకి వచ్చిన మొదటిసారే అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది, "డాక్టర్ గారూ, ఈ కుక్క మాకు నచ్చింది సరే, మేము ఉండే చోట రూల్స్‌కి ఇది తట్టుకుంటుందా?" అని. చాలామంది కుక్క ఇంటికొచ్చాక రూల్స్ వెతుక్కుంటారు.

వాళ్ళు ఉండే చోట కుక్కని తెచ్చిన నెలలోపు లైసెన్స్ తీసుకోవాలి, దానికి చిప్ నంబర్ రాసి ఉన్న రేబిస్ సర్టిఫికెట్ కావాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యుండాలి లేకపోతే ఎందుకు కాలేదో డాక్టర్ లెటర్ ఉండాలి, బిల్డింగ్ కామన్ ఏరియాలో మజిల్, రెండు మీటర్లకి మించని లీష్ (పట్టుకుని నడిపించే తాడు), ఇంటి ఓనర్ రాతపూర్వక అనుమతి, మూడో మనిషికి నష్టం జరిగితే కట్టే ఇన్సూరెన్స్, ఇంకా కొన్ని రకాల కుక్కలకి అయితే ప్రత్యేక పర్మిషన్. చోటుని బట్టి ఇవి మారిపోతాయి. ఇంగ్లండ్‌లో చిప్ 2016 ఏప్రిల్ నుంచి తప్పనిసరి, జర్మనీలో చాలా చోట్ల మున్సిపాలిటీకి కుక్క పన్ను కట్టాలి, బెర్లిన్, హాంబర్గ్ లాంటి చోట్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ కూడా తప్పదు. పక్క ఊరి వాళ్ళు చెప్పిన రూల్ మీ ఊరికి పనికొస్తుందనుకోకండి, ఆఫీసు నుంచి తాజా కాగితం మీరే తెచ్చుకోండి.

చుక్కి విషయంలో ఈ రూల్స్ ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. లైసెన్స్‌కి చిప్ నంబర్ ఉన్న టీకా సర్టిఫికెట్ కావాలి, ఉన్న సర్టిఫికెట్ మీద నంబర్ లేదు, నంబర్ వేరేవాళ్ళ పేరు మీద ఉంది. ఆపరేషన్ చేద్దామంటే ప్లేట్‌లెట్లు లేవు, కోస్తే రక్తం ఆగదు. ఇటు చూస్తే కుక్క ఇంటికి వచ్చిన రోజు నుంచి లైసెన్స్ గడువు నడుస్తుంది.

ముందు ఫాస్టర్, తర్వాతే అడాప్షన్

కాబట్టి అడాప్షన్ కాగితాల మీద అప్పుడే సంతకాలు వద్దన్నాం. ఫాస్టర్ అగ్రిమెంట్ మీద పంపించాం, అంటే చట్టప్రకారం కుక్క బాధ్యత షెల్టర్‌దే, ఉండటం మాత్రం వాళ్ళింట్లో. ఇది గడువు తప్పించుకునే ఉపాయం కాదు, ఫాస్టర్‌లో ఉందని స్థానిక ఆఫీసుకి లెటర్ పెట్టి, వాళ్ళు ఒప్పుకున్నాకే పంపించాం. దొరికిన కుక్కని పాత ఓనర్ కోసం కొన్ని రోజులు ఆపి ఉంచాలన్న రూల్ చాలా చోట్ల ఉంటుంది, ఇంగ్లండ్‌లో అయితే ఏడు రోజులు. ఆ గడువు దాటకుండా ఇంకొకరికి ఇచ్చేస్తే, రేపు పాత ఓనర్ వచ్చి నా కుక్క అంటే పాప దగ్గర నుంచి లాక్కోవాల్సి వస్తుంది, ఆ పని నేను చేయలేను.

చిప్ రిజిస్ట్రీ వాళ్ళు ఓనర్ వివరాలు మనకి చెప్పరు, మన మెసేజ్ అవతలికి పంపుతారు, అది సరైన పద్ధతే. ఫోన్ పనిచేయలేదు, ఉత్తరానికి కొన్నాళ్ళకి జవాబొచ్చింది, ఆ పాత ఓనర్ దూరదేశం వెళ్ళిపోతూ కుక్కని తెలిసినవాళ్ళకి ఇచ్చాడట, అక్కడి నుంచి తప్పిపోయిందని ఆయనకే తెలీదు. వదులుకుంటున్నానని సంతకం చేసి పంపించాడు. రిజిస్ట్రీలో పేరు ఉంటే ఓనర్ అయిపోయినట్టు కాదు, చాలా చోట్ల అది సంప్రదించడానికి పెట్టుకున్న పేరు మాత్రమే, అందుకే పేరు మార్పు ఒక్కటే సరిపోదు, వదులుకుంటున్నట్టు కాగితం కూడా ఫైల్లో ఉండాలి.

ఇక టీకా. యూరప్‌లో కుక్కని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకెళ్ళే రూల్స్‌లో చిప్ ముందు, టీకా తర్వాత అని వరస స్పష్టంగా ఉంటుంది, టీకా నాటికి 12 వారాల వయసు నిండాలి, మొదటి టీకా అయితే 21 రోజులు ఆగాలి. మీరు ఎక్కడికీ ప్రయాణం చేయకపోయినా నేను ఆ వరసే పాటించమంటా. "నలుపు, ఆడ, పెద్దది" అన్న కాగితం ఏ కుక్కదైనా కావచ్చు, 15 అంకెలు రాసి ఉన్న కాగితం ఈ కుక్కది మాత్రమే. డాక్సీసైక్లిన్ మొదలయ్యాక ప్లేట్‌లెట్లు పెరిగి, జ్వరం లేదని తేలాక, అప్పటికప్పుడు స్కాన్ చేసి ఆ నంబర్ సర్టిఫికెట్ మీద ఎక్కించి మళ్ళీ రేబిస్ టీకా వేశా. మొన్ననే వేశారు కదా మళ్ళీ ఎందుకని వాళ్ళాయన అడిగారు, అడగాల్సిందే. రేబిస్ టీకాలో ఉండేది చంపేసిన వైరస్, ఇంకో డోసు వల్ల ఆరోగ్యంగా ఉన్న కుక్కకి నష్టం చాలా అరుదు, నంబర్ లేని కాగితంతో ఏడాది పొడవునా తిరగడం వల్ల వచ్చే నష్టమే పెద్దది.

జాతి అన్న గడి

ఫారంలో "జాతి" అని ఒక గడి ఉంటుంది, దాన్ని చూసి వాళ్ళావిడ చాలా టెన్షన్ పడింది, వెడల్పాటి తల కదా, ప్రత్యేక పర్మిషన్ కావాల్సిన రకం అనుకుంటారేమోనని. ఏదో ఒక పాపులర్ జాతి పేరు రాసేస్తే పోతుందని ఎవరో సలహా ఇచ్చారట. నేను వద్దన్నా. షెల్టర్లలో కంటితో చూసి చెప్పే జాతికీ డీఎన్ఏలో తేలేదానికీ పొంతన చాలాసార్లు కుదరదని పరిశోధనలు చెప్తున్నాయి, నేను ఎంత అనుభవమున్నా నా కన్ను కూడా కన్నే. పోనీ డీఎన్ఏ చేయిస్తే సరిపోతుందా అంటే, ప్రమాదకరమైన కుక్కల మీద బ్రిటన్ 1991లో తెచ్చిన చట్టం లాంటివి జాతిని కాదు "టైప్"ని, అంటే ఒంటి కొలతల్ని, ఆకారాన్ని చూస్తాయి, అక్కడ డీఎన్ఏ రిపోర్టు అక్కరకి రాదు. పైగా ఈ రూల్స్ నిలకడగా ఉండవు. బ్రిటన్ 2023 చివర్లో ఎక్స్‌ఎల్ బుల్లీ అనే రకం కుక్కని నిషేధించిన కుక్కల లిస్టులో చేర్చింది, నెదర్లాండ్స్ తన పిట్ బుల్ నిషేధాన్ని ఎత్తేస్తున్నట్టు 2008లో చెప్పింది, ఇండియాలో 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల మీద నిషేధం పెట్టమని రాష్ట్రాలకి లెటర్ రాస్తే ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది.

మేము రాసింది ఇది: మిశ్రమ జాతి, తల్లిదండ్రులు తెలియదు, బరువు ఇంత, ఎత్తు ఇంత, ఫోటోలు జత చేశాం, చూసి నిర్ణయించగలరు. దాచలేదు, ఊహించనూ లేదు. ఆఫీసు నుంచి మనిషి వచ్చి చూసి, లిస్టులో రాదని రాసిచ్చాడు. ఆ కాగితం ఒరిజినల్ ఇంట్లో, ఫోటో వాళ్ళ ఫోన్‌లో, కాపీ మా ఫైల్లో.

మజిల్

ఈ కేసులో ఎక్కువ టైం దీనికే పట్టింది. మజిల్ అనగానే బయటికెళ్ళేటప్పుడు గబగబా తగిలించేదని అనుకుంటారు. గుడ్డతో మూతి చుట్టూ బిగించే రకం నేను వాడనివ్వను, క్లినిక్‌లో రెండు నిమిషాల పనికి తప్ప. కుక్క ఒంటి వేడి ఎక్కువగా పోయేది నోరు తెరిచి వగర్చడం వల్లే, నోరు కట్టేసి నడిపిస్తే ఎండలో ప్రాణానికే ముప్పు. బుట్ట రకం కావాలి, లోపల నోరు పూర్తిగా తెరవగలగాలి, నీళ్ళు తాగగలగాలి, ఊచల సందులోంచి తినగలగాలి. కొలత కూడా మూతి పొడవు చూసి మాత్రమే కాదు, నోరు తెరిచినప్పుడు చుట్టుకొలత చూసి తీసుకోవాలి.

మొదటి వారం మజిల్ కుక్కకి పెట్టలేదు, దాని తిండి గిన్నె పక్కన నేల మీద పడేసి ఉంచారంతే. తర్వాత తిండి ముక్క దాని అడుగున వేసి చేత్తో పట్టుకోవడం, కుక్కే మూతి పెట్టాలి, మనం మూతి మీదకి తీసుకెళ్ళకూడదు. ఈ పని ఎవరు చేస్తారంటే నాయనమ్మ గారు ముందుకొచ్చారు. ఆవిడకి చిన్నప్పటి నుంచి కుక్కలంటే భయం, మజిల్ మాట విన్నాకే ధైర్యం వచ్చిందట. సోఫా చివర కూర్చుని రెండు చేతుల్తో బుట్టని మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. చుక్కి దూరం నుంచి మెడ చాపి వాసన చూసింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చి ముక్కు కొస లోపల పెట్టి ముక్క అందుకుని చటుక్కున తీసేసింది. "అమ్మాయ్, ఇది నన్ను చూసి భయపడుతోందా?" అన్నారావిడ కోడలితో. "లేదత్తయ్యా, మీ చేతులు వణక్కుండా ఉంటే ఇంకాసేపు ఉంటుంది" అంది ఆ అమ్మాయి. ఆవిడ మోచేతులు ఒడిలో ఆనించుకున్నారు. మూడోసారికి మూతి సగం లోపల పెట్టి అక్కడే నిలబడి నమిలింది. ఆ రోజుకి అంతే, ఇంకోసారి కావాలని పాప ఎంత అడిగినా ఆపించా, ఎందుకంటే కుక్క ఇంకా కావాలనుకుంటున్నప్పుడే ఆపాలి.

పట్టీ తగిలించడం, ఒక క్షణం ఉంచి తీయడం, గదిలో నాలుగడుగులు, కారిడార్, చివర లిఫ్టు. లిఫ్టు ఎక్కడానికే నెల పట్టింది, అప్పటిదాకా మనుషులు తక్కువగా ఉండే టైంలో మెట్ల మీద తీసుకెళ్ళారు. ఫాస్టర్ గడువు అడిగింది ఇందుకోసం కూడా. మజిల్ పెట్టుకోవడం రాని కుక్కకి మొదటి రోజే బలవంతంగా పెట్టి లిఫ్టెక్కిస్తే, మజిల్ అంటే భయం, లిఫ్టంటే భయం, లీష్ తీసుకున్న చెయ్యంటే కూడా భయం పట్టుకుంటుంది, రూల్ పాటించినట్టే ఉంటుంది, కుక్క మాత్రం రోజురోజుకీ ప్రమాదకరంగా తయారవుతుంది.

లీష్ గురించి ఒక్క మాట. సాగే రకం వద్దు, రెండు మీటర్ల మామూలు తాడు, ఒక కొస మెడ పట్టీకి, ఇంకోటి హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకి). కొత్తగా ఇంటికొచ్చిన షెల్టర్ కుక్కలు తప్పించుకునేది మొదటి రోజుల్లోనే, అదీ గుమ్మం దగ్గరో కారు డోరు దగ్గరో.

గుమ్మం దగ్గర జరిగింది

అడాప్షన్ పూర్తయి, లైసెన్స్ బిళ్ళ వచ్చాక ఒక సాయంత్రం పార్సిల్ తెచ్చినతను బెల్ కొట్టాడు, హెల్మెట్ తీయలేదు, పాప పరిగెత్తుకెళ్ళి తలుపు తీసింది, చుక్కి పాప కాళ్ళ పక్క నుంచి దూసుకెళ్ళి అతని పిక్క పట్టుకుని వదిలేసింది. ప్యాంటు చిరిగి, పంటి గీత పడి కొంచెం రక్తం వచ్చింది. ఇంట్లో కదా, మజిల్ లేదు, ఉండాలని రూలూ లేదు.

వాళ్ళు చేసిన పనులు వరసగా చెప్తా, ఎందుకంటే ఇలాంటప్పుడు చాలామంది బతిమాలో గొడవపడో విషయం అక్కడే ముగించాలని చూస్తారు. ముందు కుక్కని గదిలో పెట్టి తలుపేశారు. అతని గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడిగించారు, రేబిస్ విషయంలో అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే, కుక్కకి టీకా ఉన్నా సరే. సర్టిఫికెట్ ఫోటో అతని చేతికిచ్చి, వాళ్ళాయనే వెంట వెళ్ళి హాస్పిటల్లో చూపించారు, ఇంజెక్షన్ కావాలా వద్దా అన్నది అక్కడి డాక్టర్ నిర్ణయం. అదే రోజు ఆఫీసుకి రిపోర్ట్ చేశారు, ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పారు.

మనుషులకి రేబిస్ వచ్చే కేసుల్లో 99 శాతం దాకా కుక్కల వల్లే అని డబ్ల్యూహెచ్ఓ చెప్తుంది, కాబట్టి కరిచిన కుక్క విషయంలో ఆఫీసు వాళ్ళు గట్టిగా ఉండటం సరైనదే. ఆరోగ్యంగా ఉన్న కుక్క కరిస్తే దాన్ని పది రోజులు గమనిస్తారు, కరిచిన నాటికి లాలాజలంలో వైరస్ ఉండి ఉంటే ఆలోపు లక్షణాలు బయటపడతాయి. ఆ పది రోజులు ఎక్కడ ఉంచాలన్నదే ప్రశ్న. ఆఫీసు నుంచి వచ్చినతను స్కానర్ తెచ్చాడు, మోచేతి దగ్గర చిప్ ఉందని మేము ముందే కాగితంలో రాసిపెట్టాం కాబట్టి వెంటనే దొరికింది, 15 అంకెలూ సర్టిఫికెట్‌తో సరిపోయాయి, టీకా వేసి నెల దాటింది. ఇంట్లోనే గమనించడానికి ఒప్పుకున్నాడు. మొదటి రోజూ పదో రోజూ నేను పరీక్ష చేసి రాసిచ్చా. నంబర్ లేని పాత కార్డే ఉండి ఉంటే చుక్కిని ఆ పది రోజులూ బోనులో పెట్టేవాళ్ళు, భయపడే కుక్క అక్కడి నుంచి ఎలా తిరిగొస్తుందో నేను చూశాను.

ఆఫీసు రాతపూర్వక హెచ్చరిక ఇచ్చింది, న్యాయమే. మేము గుమ్మానికి రెండడుగుల లోపల గేటు పెట్టించాం, బెల్ మోగితే చుక్కి లోపలి గదికి వెళ్ళి పరుపు మీద పడుకోవడం నేర్పాం, పాప ఇక తలుపు తీయదు. గుర్రుమంటే తిట్టొద్దని అందరికీ మళ్ళీ చెప్పా, గుర్రుమనడం అది ఇచ్చే హెచ్చరిక, తిట్టి మాన్పిస్తే రేపు హెచ్చరిక లేకుండా కరుస్తుంది. హెల్మెట్‌ని నేల మీద పెట్టి దాని చుట్టూ తిండి చల్లడం, తర్వాత చేతిలో పట్టుకుని నిలబడటం, ఆ తర్వాత వాళ్ళాయన తలకి పెట్టుకుని దూరంగా కూర్చోవడం, ఇలా నెలల మీద సాగింది, ఇంకా సాగుతోంది.

ఇప్పుడు

ప్లేట్‌లెట్లు మామూలుకి వచ్చి, మళ్ళీ ఒకసారి చూసుకున్నాక గర్భసంచి ఆపరేషన్ చేశాం, అప్పటిదాకా లైసెన్స్ ఫైల్లో నా వాయిదా లెటరే ఉంది, అందులో కారణం, తర్వాతి పరీక్ష తేదీ రాశాం కాబట్టి ఆఫీసు అభ్యంతరం చెప్పలేదు. చుక్కి లిఫ్టులో గోడ వైపు తిరిగి కూర్చుంటుంది, నాయనమ్మ గారి పక్కన. మజిల్ చేతిలోకి తీసుకుంటే లేచి నిలబడి తనే మూతి పెడుతుంది. ఇంట్లో తెలిసిన మనిషి హెల్మెట్ పెట్టుకుంటే పట్టించుకోదు, తెలియని మనిషైతే ఇప్పటికీ గుర్రుమంటుంది, అది పూర్తిగా పోతుందని నేను వాళ్ళకి మాటివ్వలేదు.

వచ్చే ఏడాది వాళ్ళు ఇల్లు మారుతున్నారు, కొత్త చోట వేరే ఆఫీసు, వేరే రూల్స్. అద్దె అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే అక్కడి కాగితం తెప్పించుకుని నాకు పంపించారు, ఒకసారి కరిచినట్టు రికార్డు ఉన్న కుక్కకి అక్కడ కొత్తగా ప్రవర్తన పరీక్ష అడుగుతారట, తెలియని మనిషి దగ్గరగా నడిచి వెళ్ళడం, గొడుగు తెరవడం లాంటివి ఉన్నాయందులో. గొడుగుతో ఈ వారమే మొదలుపెట్టాం, మూసి నేల మీద పెట్టి. రేబిస్ బూస్టర్ గడువు ఇల్లు మారే నెలలోనే పడుతోంది, ఒక నెల ముందుకి జరిపి ఇక్కడే వేసి, నంబర్ రాసి పంపిస్తా.